విమానంలో కరెంటు స్నాగ్ వస్తే మీటరు పట్టుకోకండి

నా సలహాలన్నీ తలకిందులుగా ఉంటాయని మా హ్యాంగర్ కుర్రాళ్లు అంటారు. నిజమే, వినగానే అలాగే అనిపిస్తాయి. కానీ ఇవన్నీ 28 వోల్టుల డి.సి. సిస్టమ్‌ల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి, దెబ్బలు తిని నేర్చుకున్నవి.

స్నాగ్, అంటే పైలట్ రాసిచ్చే లోపం, రాగానే అందరి చెయ్యీ మల్టీమీటరు మీదికి పోతుంది. దాన్ని పెట్టెలోనే ఉంచి పైలట్ దగ్గరికి వెళ్లండి. ఆయన "ల్యాండింగ్ లైటు సరిగా లేదు" అని ఒక్క ముక్క రాసి ఉంటారు. ఎప్పుడు సరిగా లేదు? ఫ్లాప్స్ దించాకా, వానలోనా, ఇంజను వేగం తగ్గించినప్పుడా? ఆ సమయానికి ఇంకేమేం ఆన్‌లో ఉన్నాయి? ఇవన్నీ అడిగాక మాస్టర్ స్విచ్ ఆపేసి, టార్చిలైటుతో వైరు వెంట నడవండి. క్లాంపు దగ్గర ఒరుసుకుపోయిన ఇన్సులేషన్, టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి, మాడిన వాసన మీటరుకు అందవు. కంటికీ ముక్కుకీ అందుతాయి.

ఇక నేను అందరినీ బతిమాలి చెప్పేది: లైటు సరిగా వెలగకపోతే బల్బు విప్పి కొలవకండి. ఒక శిక్షణ విమానంలో ల్యాండింగ్ లైటు మసకగా వెలిగేది. బల్బు మార్చాను. రెండు రోజులకు మళ్లీ అదే స్నాగ్. స్విచ్ మార్చాను. మళ్లీ అదే. బల్బు విప్పి, సాకెట్టు దగ్గర మీటరు పెడితే నిండుగా 28 వోల్టులు చూపించింది. వైరింగు బాగుందని సంతకం పెట్టేశాను. ఆ సంతకం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. నాలుగోసారి మా సీనియర్ వచ్చి, బల్బు బిగించి, అది వెలుగుతుండగానే బల్బు ఎర్త్ టెర్మినల్‌కూ విమానం బాడీకీ మధ్య మీటరు పెట్టమన్నారు. సున్నా దగ్గర ఉండాల్సిన చోట దాదాపు 4 వోల్టులు! ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకకుండానే ఎవరో బిగించేశారు.

28 వోల్టుల మీద 250 వాట్ల బల్బు సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. దారిలో అర ఓమ్ అడ్డు తగిలితే చాలు, దాదాపు 4 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి, ఆ బోల్టు దగ్గర 30 వాట్ల వేడి పుడుతుంది. బల్బు విప్పితే కరెంటే పారదు. కరెంటు పారనిచోట వోల్టేజీ పడదు. అప్పుడు ఒక్క పోగు మిగిలిన వైరు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. అర ఓమ్‌ను మామూలు మీటరుతో పట్టడమూ కష్టమే, దాని తీగలకే కొంత అడ్డు ఉంటుంది కదా. అమెరికా ఎఫ్.ఏ.ఏ. వారి ఏ.సి. 43.13-1బి పుస్తకం ప్రకారం 28 వోల్టుల సిస్టమ్‌లో నిరంతరం నడిచే పరికరానికి దారిలో 1 వోల్టు, కాసేపు నడిచి ఆగేదానికి 2 వోల్టుల కంటే ఎక్కువ పోకూడదు. పోయిందో లేదో తెలియాలంటే పరికరం నడుస్తూ ఉండాలి. ఎర్త్ వైపు కూడా కొలవాలి. కరెంటు వెళ్లే దారి చూసినవాళ్లు తిరిగొచ్చే దారిని మరిచిపోతారు.

సర్క్యూట్ బ్రేకర్ ఎగిరితే "ఒకసారి నొక్కి చూడు" అనే మాట ప్రతి హ్యాంగర్లోనూ వినిపిస్తుంది. నొక్కకండి. 2007 జులైలో అమెరికాలోని శాన్‌ఫర్డ్‌లో ఒక సెస్నా 310 కూలింది. ముందురోజు నడిపిన పైలట్ కాలిన వాసన పసిగట్టి, వెదర్ రాడార్ బ్రేకర్ లాగేసి, దిగాక స్నాగ్ రాసి మరీ ఇచ్చాడు. ఎవరూ లోపం వెతకలేదు. మర్నాడు అదే విమానం ఎగిరింది. ఆ బ్రేకర్‌ను మళ్లీ నొక్కి ఉంటారని దర్యాప్తు చేసినవారు తేల్చారు. గాలిలో పొగ కమ్మింది, విమానం ఇళ్ల మీద పడింది. అందులోని ఇద్దరూ, నేల మీద ముగ్గురూ పోయారు. రాసిన స్నాగ్‌ను ఒక్కరు పట్టించుకుని ఉంటే చాలు. బ్రేకర్ కాపలా కాసేది వైరును. అది ఎగిరిందంటే వైరు మొరపెట్టుకుంటోందని అర్థం. అలాగని ఎగరలేదు కాబట్టి అంతా క్షేమమనీ అనుకోకండి. 1998లో స్విస్ఎయిర్ 111లో 229 మంది ప్రాణాలు తీసిన మంటకు వైరు దగ్గర లేచిన ఆర్క్ కారణమై ఉండవచ్చు. మామూలు బ్రేకర్ అలాంటి నిప్పురవ్వలను గుర్తించలేదు.

డి.సి. లోపం వెతికేటప్పుడు మీటరును ఎ.సి.కి తిప్పండి. ఈ సలహాకు నవ్వినవాళ్లు చాలామంది. ఆల్టర్నేటర్ లోపల పుట్టేది ఎ.సి.నే, డయోడ్లు దాన్ని డి.సి. చేస్తాయి. ఒక డయోడు పోయినా, లోడు తక్కువగా ఉంటే డి.సి. స్కేలు మీద 28 వోల్టులు దర్జాగా కనిపించవచ్చు. హెడ్‌సెట్‌లో మాత్రం ఇంజను వేగంతో పాటు హెచ్చే ఈల వినిపిస్తుంది. బ్యాటరీ ఉన్న బస్ (కరెంటు పంచే పట్టీ) మీద ఎ.సి. ఎంత ఉందో చూడండి, బాగున్న మరో విమానంలో ఎంత ఉందో పోల్చండి.

నికెల్-కాడ్మియం బ్యాటరీలో హైడ్రోమీటరు ముంచకండి. ఛార్జి ఎంత ఉన్నా ఆ ద్రవం సాంద్రత పెద్దగా మారదు. పైగా యాసిడ్ బ్యాటరీలో ముంచిన పరికరం తగిలితే ఈ బ్యాటరీ పాడైపోతుంది. అలాగే రేడియో పెట్టెలు తగిలించి ఉండగా, ఇన్సులేషన్‌ను ఎక్కువ వోల్టేజీతో పరీక్షించే మెగ్గర్ తిప్పకండి.

అన్నిటికంటే ఎక్కువగా కోప్పడి చెప్పేది ఇంకొకటుంది: ఏ స్నాగూ లేని విమానాన్ని కొలవండి. "బాగున్నదాన్ని ఎందుకు సార్?" అంటారు. బాగున్న రోజున స్టార్టరు లాగేటప్పుడు బస్ ఎంతకు దిగింది, పిటో హీటరు వేస్తే ఎన్ని ఆంపియర్లు పెరిగాయి, తోక లైటు దగ్గర ఎన్ని వోల్టులు అందాయి, ఇవన్నీ ఒక నోటుబుక్కులో విమానానికో పేజీ చొప్పున రాసుకోండి. ల్యాండింగ్ లైటు సంగతి తేలిన సాయంత్రమే నేను మొదటి పేజీ రాశాను. తోక లైటుతో మొదలుపెట్టండి. సాధారణంగా దాని వైరే అన్నిటికంటే పొడవు.