తమ్ముడి ఫోను గురించి వినకూడని సలహాలు

“యూట్యూబు పెట్టిచ్చి ఓ మూల కూర్చోబెట్టు, గొడవుండదు.” మేధో వైకల్యం ఉన్న మనిషి ఇంట్లో ఉంటే మొదట అందే సలహా ఇదే. ఇది వినకండి. నేను విన్నాను. తమ్ముడు గంటలకొద్దీ నోరెత్తకుండా ఉంటే కుదురుకున్నాడనుకున్నాం. స్పెషల్ స్కూలు మానేశాక వాడు ఒక్క స్నేహితుడితోనూ మాట్లాడలేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

“వాడికి చదవడం రాదుగా, వాట్సాప్‌లో నువ్వే పెట్టెయ్.” ఇదింకా పెద్ద తప్పు. వాడి పేరుతో నేను టైపు చేసేదాన్ని, అవతల వాడి స్నేహితుడి పేరుతో వాళ్లమ్మ జవాబిచ్చేది. ఆర్నెల్లపాటు మాట్లాడుకున్నది మేమిద్దరం!

తర్వాత ప్రతి పేరుకీ ఫొటో పెట్టాను. ముగ్గురిని పైన పిన్ చేశాను. మైకు గుర్తు నొక్కిపట్టమంటే వాడి బొటనవేలు జారిపోయేది. నొక్కి పైకి జరిపితే లాక్ పడుతుందని, ఇక వేలు తీసేయొచ్చని తెలియడానికి నాకే చాలా రోజులు పట్టింది. వాడి మొదటి వాయిస్ మెసేజ్‌లో నలభై సెకన్లు ఫ్యాను చప్పుడు, ఊపిరి. చివర్లో, “ఒరేయ్, తిన్నావా?” జవాబుగా వచ్చింది నవ్వొక్కటే. దాన్ని ఎన్నిసార్లు విన్నాడో!

“రోజూ అదే ముక్కేనా, కొత్తవి నేర్పు” అన్నారు చుట్టాలు. మనం రోజూ ఫోన్లో అడిగేది మాత్రం ఏమిటి? తిన్నావా, ఏం కూర?

“ఎవరైనా మోసం చేస్తారు, ఫోను లాగేసుకో.” ఈ భయం నిజమే, మాకూ ఒకసారి డబ్బు పోయింది. అయినా లాక్కోలేదు. వాడితో మాట్లాడి యూపీఐ తీసేశాం. పక్కగదిలోంచి నేను బ్యాంకువాళ్లలా ఫోన్ చేసి ఓటీపీ అడుగుతాను. మొదట్లో అంకెలన్నీ చెప్పేసేవాడు. ఇప్పుడు “అక్కనడగాలి” అని పెట్టేస్తాడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వాన్ని పరస్పర అవగాహన, నమ్మకం మీద సంరక్షకులూ దివ్యాంగులూ కలిసి నిర్ణయించుకునే పద్ధతిగా చెబుతుంది. కోర్టు కాగితాల దాకా పోనక్కర్లేదు, ఫోను విషయంలోనైనా దాన్ని పాటిద్దాం.

“మనసు చిన్నపిల్లాడిదే కదా, ఆడపిల్లల నంబర్లు తీసెయ్.” వాడికి 28 ఏళ్లు. పాత క్లాసులో అమ్మాయితో మాట్లాడాలని ఉంది. నేను నేర్పింది ఒక్కటే: ఒక మెసేజ్ పెట్టు, జవాబొచ్చేదాకా ఆగు, వద్దంటే మానెయ్. మెసేజ్ పెట్టి మూడు రోజులు ఎదురుచూశాడు. నాలుగోరోజు ఆ పిల్ల ఫొటో పంపింది: కుడిచేతి గోరింటాకు, కాస్త వంకరగా.

“అక్కా, తలుపేసి వెళ్లు” అన్నాడు. వేసి వచ్చాను.