తుండుగుడ్డ వేస్తే సీటు మనదే

ఏం నాయనా, బెంగళూరు మెజెస్టిక్ నుంచి మదనపల్లెకు రావాలంటే మంచం మీద పడుకోని ఫోను నాలుగుసార్లు గీకితే సీటొచ్చేస్తుందా? మా రోజుల్లో సీటంటే చెమటోడ్చి సంపాదించుకునే ఆస్తి. బస్సు స్టాండులోకి మలుపు తిరుగుతుండగానే పక్కన పరుగెత్తి కిటికీలోంచి తుండుగుడ్డ విసిరితే ఆ సీటు మనదే. రిజిస్ట్రారాఫీసు దస్తావేజుకైనా అంత మర్యాద ఉండదు. నా గుడ్డ తీసి పక్కన పెట్టి కూర్చున్న ఒక పుంగనూరాయనతో (ముళబాగిలు మీద పోవాల్సిన మనిషి మా బస్సెందుకెక్కాడో నాకిప్పటికీ తెలీదు) హొసకోట దాకా పోట్లాడినాను. చింతామణి వచ్చేసరికి ఆయన మూటలోని వేరుసెనక్కాయలు ఇద్దరం ఒలుచుకుంటున్నాం. వాళ్లూరి ఆవు పొట్టిదే గానీ పాలలో వెన్న జాస్తి అని మదనపల్లె దాకా చెబుతూనే వచ్చాడు. ఇప్పుడు పక్క సీటువాడి పేరైనా తెలుస్తుందా మీకు? చెవుల్లో ఆ బిరడాలొకటి!

ఈ సుఖం మీకు మప్పిందీ మనవాళ్లే. బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేస్తుండే ఫణీంద్ర సామ అనే కుర్రాడికి 2005 దీపావళికి ఊరికి పోను హైదరాబాదు బస్సులో సీటు దొరకలేదంట. ఏజెంట్ల చుట్టూ తిరిగాడు. ఒక్కో ఏజెంటుకు తెలిసింది ఏ నాలుగు ట్రావెల్సో. ఖాళీ ఉందా అని వాళ్లకు ఫోను చెయ్యాల, అక్కడ గుమాస్తా చార్టు చూసి పెన్సిల్‌తో గీత పెట్టాల. ఇక్కడ మనిషి నిలబడే ఉంటాడు, అక్కడ ఏదో బస్సులో సీటు ఉత్తగానే పోతుంటుంది. దాంతో బిట్స్ పిలానీ స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరిలను కలుపుకోని 2006లో రెడ్‌బస్ పెట్టేశాడు. 2013లో ఐబిబో వాళ్లు దాన్ని కొనుక్కున్నారు. చూడు మరి! సీటు లేకపోతే మేం ఇంజన్ డబ్బా మీద కూర్చునేవాళ్లం, అదీ లేకపోతే టాపెక్కేవాళ్లం. కంపెనీ పెట్టాలని ఎవరికీ తోచలేదు. తోచుంటే ఇట్లా అరుగు మీద కూర్చోని నీ బుర్ర తింటుంటానా?

ఇప్పుడు బస్సు యాడుందో కూడా ఫోనే చెబుతుందంట. మా కాలంలో ఆ సంగతి టీ అంగడాయన చెప్పేవాడు. "ఇదో వచ్చేస్తాది" అంటాడు, గంటకొస్తుంది. ఆ గంటలో ఆయనకు నాలుగు టీల బేరం, మనకు మూడూళ్ల సంగతులు. కుప్పం వాళ్ల దారి వేరే, వాళ్లకు రైలుంది. అక్కడి మా తోడల్లుడైతే బంగారుపేట మీదుగా తలుపు పట్టుకోని వేలాడుతూ పోయిన రోజులే రోజులంటాడు. మొన్న మద్రాసు పోయేటప్పుడు మాత్రం కూతురి చేత ఆన్‌లైన్లో కింది బెర్తు పట్టించుకున్నాడు.

ఒక్క మాట, ఎవరికీ చెప్పకు. ఒక దీపావళికి మెజెస్టిక్‌లో చేతిలో టపాకాయల డబ్బా, మా అమ్మకు కొన్న చీర పట్టుకోని రాత్రి పదకొండు దాకా నిలబడ్డాను. మూడు బస్సులకు గుడ్డ విసిరినా, మూడుసార్లూ ఎవరో తీసి నా మొహానే కొట్టారు. నాలుగో బస్సులో గుడ్డ నిలిచింది గానీ, జనంలో తలుపు దాకా నేనే పోలేకపోయినాను. తుండుగుడ్డ మదనపల్లె చేరింది, నేను రూముకు చేరాను. తలంటికని తెల్లారుజామున నీళ్లు కాచి, పొద్దెక్కేదాకా మా అమ్మ పొయ్యి ఆర్పలేదంట.

సరేలే. పండగయ్యాక బెంగళూరు రమ్మని మనవడు ఫోనులో సీటు పట్టి పెట్టాడు. కిటికీ పక్కదే, చక్రం మీద కాకుండా చూశాడు, తెలివైనోడే. అయినా బస్సు రాగానే కిటికీలోంచి తుండుగుడ్డ ఒకటి వేస్తా. ఫోను మాట ఎవరు నమ్ముతారు?