బండికి ఆయిల్ తాగుడు అలవాటు చేయడం ఎలా?

మనిషికి తాగుడు అలవాటు చేయడానికి నలుగురు స్నేహితులు చాలు. బండికి అలా కుదరదు. యజమానే స్వయంగా పూనుకోవాలి, ఓపిగ్గా శ్రమించాలి. ఎందుకంటే కంపెనీ వాళ్లు ఇంజిన్లను చాలా మొండిగా చేస్తున్నారు.

ముందు మనం దేనితో తలపడుతున్నామో తెలుసుకోవాలి. స్ప్లెండర్ తరహా 97.2 సీసీ ఇంజిన్‌నే తీసుకోండి. అందులో పిస్టన్ ఒక్కసారి కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. ఇంజిన్ నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే, పైకీ కిందకీ కలిపి పిస్టన్ దాదాపు అర కిలోమీటరు పరుగు తీస్తుంది. ఇంత పరుగులోనూ అది సిలిండర్ గోడకు ఒరుసుకుపోకుండా కాపాడేది మధ్యలో ఉన్న పల్చటి ఆయిల్ పొర. ఆ ఆయిల్ మంట దాకా వెళ్లకుండా రెండు చోట్ల అడ్డుకట్ట ఉంటుంది. పిస్టన్ చుట్టూ మూడు రింగులుంటాయి. వాటిలో అడుగుది గోడ మీద మిగిలిన ఆయిల్‌ని కిందకి గీకేస్తుంది. పైన హెడ్‌లో వాల్వు కాడలకు రబ్బరు సీళ్లుంటాయి. ఈ రెండూ గట్టిగా ఉంటే బండి లక్ష కిలోమీటర్లు దాటినా ఇంజిన్ విప్పే పని పడకపోవచ్చు. అలాంటి బండ్లు ఊరూరా కనిపిస్తూనే ఉన్నాయి. వాటి యజమానులు ఈ కింది పాఠాలు చదవనివాళ్లు.

పాఠం 1: షోరూం నుంచే మొదలుపెట్టండి

కొత్త సిలిండర్ గోడ మీద కంటికి సరిగా ఆనని సన్నటి గీతలుంటాయి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో రింగులు ఆ గోడకు అరిగి కుదురుకోవాలి. అందుకే మొదట్లో మితమైన వేగంలో, వేగం మారుస్తూ నడపమంటారు. మీరు వినకండి. పూజ అయిన సాయంత్రమే హైవే ఎక్కి, యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పండి. మొదటి సర్వీసు కూడా ఎగ్గొట్టండి. కొత్త ఇంజిన్ అరుగుదలలో రాలిన లోహపు రజను ఆ మొదటి ఆయిల్‌లోనే తిరుగుతుంటుంది. డబ్బు పోసి కొన్న బండిలోది, దాన్ని మాత్రం పారబోయడమెందుకు?

పాఠం 2: డిప్‌స్టిక్ జోలికి పోకండి

ఈ బండ్లలో పట్టే ఆయిలే సుమారు ఒక లీటరు. ఇంజిన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ ఆ లీటరే గతి. అందులో పావు లీటరు తగ్గినా పెద్ద లోటే. కాబట్టి చూడకపోవడం ముఖ్యం. ట్యాంకు తుడవండి, అద్దాలు తుడవండి, దసరాకి పసుపు కుంకుమలు పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు నలిపించండి. ఎవరైనా బలవంతం చేస్తే సైడ్ స్టాండ్ మీదే పెట్టి చూడండి. సెంటర్ స్టాండ్ మీద, సమంగా ఉన్న నేల మీద చూస్తే నిజం తెలిసిపోయే ప్రమాదముంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఇంకో పద్ధతి ఉంది: ఒకేసారి గీత దాటేంత పోసేయడం. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టం గుండా ఫిల్టర్ పెట్టెలోకి, అక్కడి నుంచి ఇంజిన్‌లోకి చేరి చక్కగా కాలిపోతుంది.

పాఠం 3: ఆయిల్ దగ్గర పొదుపు పాటించండి

లక్ష రూపాయల బండికి డబ్బా ఆయిల్ దండగ. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజ్ ఆయిల్ వాడండి. లేదా బావగారి కారులో మిగిలింది అడగండి. కొన్ని కారు ఆయిల్స్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. బైకు క్లచ్ ప్లేట్లు మునిగి ఉండేది ఆయిల్‌లోనే కాబట్టి అవి జారడం మొదలుపెడతాయి. బైకు ఆయిల్ డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అని రాసి ఉండేది ఇందుకే. చదవకపోతే చింత లేదు.

పాఠం 4: దుమ్ముకు దారివ్వండి

ఆయిల్ తాగించడంలో దుమ్ముని మించిన సాయం లేదు. కంకర లారీల వెనక, కోతల కాలంలో పొలాల గట్ల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ పీకేస్తే చాలు. లోపలికి పోయిన దుమ్ము ఆయిల్‌తో కలిసి గోడనీ రింగులనీ గరుకు కాగితంలా అరగదీస్తుంది. పీకడం ఇష్టం లేకపోతే కాగితం ఫిల్టర్‌ని పెట్రోలుతో కడిగి, చిరుగు పడ్డాక మళ్లీ బిగించండి.

పాఠం 5: పొద్దున్నే వీధిని లేపండి

రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ అడుక్కి దిగిపోయి ఉంటుంది. స్టార్ట్ చేశాక పై భాగాలకు చేరడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ సెకన్లలోనే గట్టిగా రైజ్ చేయండి. సాయంత్రం ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగినా ఇంజిన్ ఆపకండి. గాలి తగిలితేనే చల్లబడే ఇంజిన్ అది. కదలకుండా కాగితే ఆయిల్ పల్చబడుతుంది, త్వరగా పాడవుతుంది, రింగుల గాళ్లలో మసి గడ్డకడుతుంది.

ఫలితాలు చూసుకోవడం

శ్రద్ధగా చేస్తే సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ మొదలవుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు పోయాయి. రైజ్ చేసినంతసేపూ వస్తుంటే రింగులు, బోరు అరిగాయి. ఘాట్ రోడ్డు దిగుతూ యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ తిప్పినప్పుడు గుప్పుమంటే అనుమానం వాల్వు గైడ్ల మీద. చలికాలపు తెల్లటి ఆవిరి చూసి సంబరపడకండి, అది ఉత్త నీరు.

ఈ దశలో పెద్దవాళ్ల సలహా తీసుకోండి. “మా ఆర్ఎక్స్ 100 కూడా పొగ వదిలేదిరా, ఏమైంది?” అంటాడు మామయ్య. నిజమే. అది టూ స్ట్రోక్. పెట్రోలుతో పాటు ఆయిల్ కాలడం దాని పుట్టుక లక్షణం. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ తిరగాలి, కాలకూడదు. ఈ తేడా మామయ్యకి చెప్పకండి.

మెకానిక్ మాత్రం రెండు మాటలంటాడు. “తమ్ముడూ, సీళ్లయితే చిన్న పనే. బోరుకొచ్చినా భయం లేదు, లేత్‌లో బోరు కొట్టించి 0.25, 0.50 పెద్ద సైజు పిస్టన్ వేద్దాం. అప్పటిదాకా వారం వారం లెవెల్ చూసి తగ్గినంత పోస్తూ ఉండు.” ఈ చివరి మాటే మన ప్రయత్నానికి గండి. కొద్దిగా ఆయిల్ తాగే ఇంజిన్ లెవెల్ తగ్గకుండా చూస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇంజిన్‌ని చంపేది పొగ కాదు, అడుగంటిన ఆయిల్. ముందు పైనున్న క్యామ్, రాకర్లు అరుస్తాయి, తర్వాత క్రాంకు బేరింగులు, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి ఇక్కడిదాకా వచ్చి పోయడం మొదలుపెట్టారో, పడ్డ శ్రమంతా వృథా.

అమ్మేటప్పుడు

చిక్కటి ఆయిల్ పోయండి. కొనేవాళ్లు వచ్చేలోపు ఇంజిన్ బాగా వేడెక్కించండి. ప్రకటనలో ‘సింగిల్ హ్యాండ్’ అని రాయండి. రాగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి, “చల్లారాక స్టార్ట్ చేసి చూస్తానన్నా” అనేవాడికి మాత్రం అమ్మకండి. వాడికి పని తెలుసు.

హెచ్చరిక

కొందరు తెలియక నెలకి రెండుసార్లు లెవెల్ చూస్తారు, పుస్తకంలో చెప్పిన దూరానికి ఆయిల్ మారుస్తారు, ఫిల్టర్ కొత్తది వేస్తారు. దీనివల్ల ఘోరమైన దుష్ఫలితం ఉంది. షోరూంలో కొత్త మోడల్ వచ్చి, మనసు పడి, ఇంట్లో అడుగుదామని నోరు తెరిస్తే, “ఉన్నది బాగానే నడుస్తోంది కదా” అంటారు. ఆ మాటకి జవాబుండదు.