భారమెరిగిన బలం: ఒక యాంప్లిఫయర్ ఆత్మకథ

తన జీవితాన్ని ఇక్కడ తానే చెప్పుకొంటున్న ఈ యాంప్లిఫయర్ కర్మాగారంలో పుట్టినది కాదు. హైదరాబాదులోని కోఠీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో దొరికే విడిభాగాలను కూర్చి, ఇంట్లోనే చెక్క కోసి బిగించిన రెండు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ తోడుగా తయారైనది. ఫోను నుంచో సీడీ ప్లేయరు నుంచో వచ్చే సన్నని విద్యుత్ సంకేతాన్ని ఆకృతి చెడకుండా పెంచి, స్పీకర్ కోనును ముందుకూ వెనక్కూ ఆడించగల బలాన్ని దానికి ఇవ్వడమే దీని వృత్తి. దీని లోపల టీడీఏ 7294 అనే చిప్పులు మూడు ఉన్నాయి; రెండు చిప్పులు ఎడమ, కుడి స్పీకర్లను నడుపుతుండగా, అతి తక్కువ స్థాయి స్వరాలను పలికించే సబ్‌వూఫర్ భారాన్ని మూడవది మోస్తుంది.

దీని పుట్టుకకు ముందే స్పీకర్లు సిద్ధంగా ఉండడం దీని అదృష్టం, ఎందుకంటే యాంప్లిఫయర్ ఎంపిక నిజానికి స్పీకర్ దగ్గరే మొదలవుతుంది. మొదట చూడవలసినది ఇంపీడెన్స్, అంటే అటూ ఇటూ మారుతూ ప్రవహించే విద్యుత్తుకు స్పీకర్ చూపే నిరోధం. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. రెండవది సెన్సిటివిటీ, అంటే ఒక వాటు అందించినప్పుడు మీటరు దూరంలో ఎంత ధ్వని వినిపిస్తుందో డెసిబెల్స్‌లో తెలిపే లెక్క. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ 10 వాట్లకు 97 డెసిబెల్స్ ధ్వని ఇస్తుంది. మరో 10 డెసిబెల్స్ కావాలంటే ఏకంగా 100 వాట్లు పోయాలి. వాట్లను రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే కనుక, 50 వాట్ల యాంప్లిఫయర్‌కూ 100 వాట్ల యాంప్లిఫయర్‌కూ మధ్య చెవికి తెలిసే తేడా ధరలో కనిపించే తేడా కంటే చాలా తక్కువ.

దీని దేహనిర్మాణాన్ని నిర్ణయించినది కూడా ఆ ఓమ్‌ల లెక్కే. టీడీఏ 7294 చిప్పు 8 ఓమ్‌ల స్పీకర్‌ను నడిపేటప్పుడు ప్లస్ 35, మైనస్ 35 వోల్టుల సరఫరాతో సుమారు 70 వాట్లు ఇస్తుంది. 4 ఓమ్‌ల స్పీకర్‌కైతే అవే 70 వాట్లను ఇవ్వడానికి 27 వోల్టులు సరిపోతాయి. నిరోధం సగమైతే అదే వోల్టేజీకి ప్రవాహం రెట్టింపవుతుంది, దానితో పాటు చిప్పు లోపల వేడీ పెరుగుతుంది కాబట్టి, 8 ఓమ్‌ల స్పీకర్ల కోసం 24-0-24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌నూ, 4 ఓమ్‌ల సబ్‌వూఫర్ కోసం 18-0-18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌నూ విడివిడిగా అమర్చారు. ఏసీని డీసీగా మార్చి కెపాసిటర్లలో నింపినప్పుడు వోల్టేజీ దాదాపు 1.4 రెట్లవుతుంది గనుక మొదటిది 34 వోల్టుల దగ్గర, రెండవది 25 వోల్టుల దగ్గర నిలుస్తుంది.

ఈ చిప్పు వీపుకున్న లోహపు రేకు లోపల మైనస్ సరఫరాకు కలిసి ఉంటుంది. దాన్ని నేరుగా హీట్‌సింక్‌కు, అంటే వేడిని గాలిలోకి వదిలే అల్యూమినియం దిమ్మెకు బిగిస్తే ఆ దిమ్మె మొత్తానికీ మైనస్ వోల్టేజీ పాకుతుంది. అందువల్ల రెండింటి మధ్య, గూడూరు గనుల పేరు చెప్పగానే తెలుగువారికి గుర్తొచ్చే అభ్రకపు పలుచని రేకును, ఇరువైపులా థర్మల్ పేస్టు రాసి పెట్టారు. మరకు కూడా ప్లాస్టిక్ తొడుగు వేసి, మల్టీమీటర్ ముళ్లలో ఒకదాన్ని చిప్పు వీపుకు, రెండవదాన్ని దిమ్మెకు ఆనించి, బీప్ రాలేదని నిర్ధారించుకొన్న తరువాతే దీనికి తొలిసారి కరెంటు ఇచ్చారు.

సబ్‌వూఫర్‌కు 80 హెర్ట్జ్ కింది స్వరాలు మాత్రమే వెళ్లాలంటే, మిగతావాటిని ఆపే క్రాసోవర్ అనే సర్క్యూట్ కావాలి. దాన్ని యాంప్లిఫయర్ తరువాత పెడితే, 4 ఓమ్‌లకు అతి సాధారణమైన అమరికలో సైతం సుమారు 8 మిల్లీహెన్రీల బరువైన తీగచుట్ట అవసరమవుతుంది, ఆ తీగ నిరోధం కొంత శక్తిని వేడిగా మింగేస్తుంది. అదే పనిని యాంప్లిఫయర్‌కు ముందు, సంకేతం ఇంకా సన్నగా ఉన్నప్పుడే చిన్న ఆప్-ఆంప్ చిప్పుతో చేయించవచ్చు. ఇందులో ఉన్న లింక్‌విట్జ్-రైలీ క్రాసోవర్‌కు హ్యూలెట్-ప్యాకార్డ్ ఇంజనీర్లయిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీల పేరు వచ్చింది. 1976లో లింక్‌విట్జ్ వ్యాసంతో వెలుగుచూసిన ఈ పద్ధతిలో రెండు వైపుల ధ్వనీ కూడలి వద్ద 6 డెసిబెల్స్ తగ్గి, ఒకే తాళంలో కలిసి, మొత్తం మీద ఎత్తుపల్లాలు లేకుండా వినిపిస్తుంది.

అయితే ఆ కలయిక తీగల సక్రమత మీద ఆధారపడుతుంది. ఒక స్పీకర్ ప్లస్, మైనస్‌లు తారుమారైతే ఒక కోను ముందుకు వచ్చే క్షణంలో రెండవది వెనక్కు పోయి, ఒకే కాడికి కట్టిన ఎద్దులు ఎదురెదురుగా లాగినట్లు, లోతైన స్వరాలు ఒకదాన్నొకటి చంపుకొంటాయి. అందుకే యాంప్లిఫయర్‌తో కలపకముందే ప్రతి స్పీకర్ కొసలకూ 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ను క్షణకాలం తాకించి, కోను బయటకు వచ్చినప్పుడు సెల్ ప్లస్ తగిలిన కొసకు ఎర్ర గుర్తు పెట్టారు. సబ్‌వూఫర్ ప్లస్, మైనస్‌లను తిరగేసే ఫేజ్ మీటను మాత్రం 80 హెర్ట్జ్ స్వరం మోగించి, కూర్చొని వినే చోట ఏ వైపున ధ్వని నిండుగా ఉందో ఆ వైపుకే ఉంచారు.

కనెక్షన్లు పూర్తయ్యాక గుయ్యిమనే శబ్దం వస్తే దాని స్థాయే కారణాన్ని సూచిస్తుంది. భూమికి రెండు దారులు ఏర్పడే గ్రౌండ్ లూప్ వల్ల వచ్చేది సాధారణంగా 50 హెర్ట్జ్ మోత, డీసీ సరఫరాలో మిగిలిన అలజడి వల్ల వచ్చేది 100 హెర్ట్జ్ మోత. అన్ని గ్రౌండ్ తీగలనూ ఒకే బిందువు దగ్గర చేర్చడం మొదటి మందు. మోత పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్నును తీసివేయడం ప్రాణాంతకం.

వాట్ల సంఖ్య చూసి యాంప్లిఫయర్‌ను కొని, ఆ తరువాత దానికి తగిన స్పీకర్లను వెతకడం తలకిందులైన పద్ధతి. స్పీకర్ ఓమ్‌లూ, సెన్సిటివిటీ, వినే గది పరిమాణమూ కాగితం మీద రాసుకొని బజారుకు వెళ్లినవారికి ఖరీదైన యంత్రం అవసరం తరచుగా ఉండదు. తాను మోయగలిగిన భారాన్నే మోస్తూ, తగినంత వోల్టేజీ, చల్లదనం పొందుతున్న ఈ యాంప్లిఫయర్ అందుకు సాక్ష్యం.