మహారాజశ్రీ మేనేజరు గారూ, ఆ ఈల ఎటు ఊదాలి?

మహారాజశ్రీ వాటర్ పార్కు జనరల్ మేనేజరు గారి దివ్య సముఖమునకు,

ఘాజియాబాద్ వైశాలి సెక్టారు నాలుగు నుంచి, పూర్తి ధర పెట్టి టికెట్టు కొన్న ఒక ఆడమనిషి నమస్కరించి వ్రాయు విన్నపములు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ, తమ లాకర్లూ, తమ అలల యంత్రమూ క్షేమమని తలుస్తాను. ఈ లేఖలో తమ పార్కు పేరు రాయడం లేదు. రాస్తే ప్రచారమవుతుంది. ఆ పని ఊరికే చేసిపెట్టడం నాకిష్టం లేదు.

మొన్న ఆదివారం తమ వేవ్ పూల్‌లో మా పెద్దమ్మ మూడు మునకలు వేసింది. తూర్పుకి తిరిగి, ముక్కు పట్టుకుని వేసింది. తర్వాత దోసిట్లో నీళ్ళు తీసుకుని సూర్యుడికి వదిలింది. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. రాజమండ్రి మనిషి. రైలు గోదావరి వంతెన మీదికి రాగానే ఇప్పటికీ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ విసురుతుంది. నీళ్ళలో దిగి ఏం చేయాలో ఆవిడకి డెబ్బై రెండేళ్ళుగా ఎవరూ చెప్పలేదు. తమ లైఫ్‌గార్డు చెప్పాడు. ఎత్తు కుర్చీ మీద నుంచి ఈల అందుకున్నాడు. పూల్‌లో ఉన్న ప్రతి తలా ఇటు తిరిగేదాకా ఊదాడు. "మాతాజీ, యే సబ్ యహా నహీ చలేగా, బాహర్ ఆయియే!"

పెద్దమ్మకి హిందీ రాదు. ఈల ఎవరికీ నేర్పక్కర్లేదు కదా, అర్థమయింది. బయటికి వచ్చేసింది.

ఇక్కడే తమరిని ఒకటి అడగాలి. అదే సమయానికి ఆ పూల్‌లోనే ఏడెనిమిది మంది కుర్రాళ్ళు ఉన్నారు. సైరన్ మోగి అల లేచిన ప్రతిసారీ, ఆ అలే తోసినట్టు, వెళ్ళి ఆడపిల్లల మీద పడుతున్నారు. ప్రతిసారీ. అల ఎటు పోయినా వాళ్ళు మాత్రం ఆడపిల్లలున్న వైపే కొట్టుకుపోతున్నారు. అదేం భౌతికశాస్త్రమో! ఒకడి బుగ్గలో గుట్కా ఉంది. ఉమ్మాలనిపించినప్పుడు వాడు ఎక్కడికీ వెళ్ళలేదు. ఆఫ్రికా నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చినట్టున్న ఇద్దరు పిల్లలు ఓ మూల నిలబడితే, వాళ్ళ భుజాల మీద చేతులేసి, జుట్టు పట్టుకుని చూసి, వద్దంటున్నా వినకుండా సెల్ఫీలు తీసుకున్నారు. ఈల మోగిందా? లేదు. ఈల మాతాజీ కోసం దాచారు.

అక్కడితో అయిపోలేదు. ఆ కుర్రాళ్ళే, మెడలో ప్లాస్టిక్ సంచీలో వేలాడే ఫోన్లు తీసి, మా పెద్దమ్మ మునకల్ని వీడియో తీశారు. సాయంత్రానికి అది రీల్ అయింది. 'మద్రాసీ దాదీ కా గంగాస్నాన్' అని పైన రాత, కింద పకపకలాడే సంగీతం. మా సొసైటీ వాట్సాప్ గ్రూపులోకి రాత్రి భోజనాల వేళకి వచ్చేసింది. మర్నాడు పొద్దున్న చూస్తే మీ పార్కు పేజీలో కూడా అదే రీల్. సరదాకి వయసుతో పనేమిటి అని ఓ వ్యాఖ్యా, నవ్వే మొహాలు నాలుగూ తగిలించారు. ఆవిణ్ణి ఈలేసి బయటికి పంపింది మీరు. ఆవిడ మొహం పెట్టి టికెట్లు అమ్ముకుంటున్నదీ మీరే. సిగ్గుందా అని రాయబోయి ఆగాను. ఆగినట్టు మీకు తెలియాలని ఆ మాట ఇక్కడే ఉంచేస్తున్నాను.

ముందే చెప్తున్నాను, నిబంధనలంటే నాకు గిట్టక కాదు. చీరతో దిగొద్దన్నారు, సబబే. నూలు బట్ట నీళ్ళు తాగి బరువెక్కుతుంది, పోగులు ఫిల్టర్లకి అడ్డం పడతాయి, స్లైడులో కొంగు ఎక్కడైనా ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. 2020లో హైదరాబాదు శివార్లలో గో-కార్టు చక్రంలో జుట్టు చిక్కుకుని ఓ ఇంజనీరింగు విద్యార్థిని చనిపోయింది. అది చదివినవాళ్ళెవరూ మీతో కొంగు గురించి వాదించరు. పెద్దమ్మా వాదించలేదు. మీ కౌంటరులో అద్దెకిచ్చిన నైలాన్ చొక్కా, పాంటు వేసుకుంది. చొక్కా మీద వెలిసిపోయిన సొరచేప బొమ్మ. ఆ బొమ్మ కనబడకుండా మా ఇంటి తువ్వాలు పైటలా వేసుకుని బయటికొస్తే, మీ అటెండరమ్మ అందరిముందూ ఆ తువ్వాలు లాగేసింది. తౌలియా అలౌడ్ కాదట. తువ్వాలు ఎందుకేసుకుందో ఆ అమ్మాయికి తెలియక కాదు. ఆ అమ్మాయి మెడలోనూ చున్నీ ఉంది.

ఫ్రాన్సులో ఇంకో గోల. ఒంటి నిండా కప్పే ఈత దుస్తులకి గ్రెనోబుల్ నగరపాలక సంస్థ తలుపు తీస్తే, 2022 జూన్‌లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం కుదరదు పొమ్మంది. అయితే అక్కడి మునిసిపల్ కొలనుల్లో మగవాడు వదులు నిక్కరుతో దిగినా ఒప్పుకోరు. ఆ నిబంధన మంచిదో చెడ్డదో, మగవాడికీ ఉంది కదా! మీ బోర్డు మీద 'నైలాన్ తప్పనిసరి' అని రాసి ఉంది, సంతోషం. మోకాళ్ళ దగ్గర కత్తిరించిన జీన్సులూ, నూలు బనియన్లూ, ఆ కిందివి ఏమనాలో తెలియని వస్త్రాలూ నా కళ్ళముందే దిగాయి. ఏ అటెండరూ వాటిని లాగలేదు. లాగకపోవడమే మంచిదయిందనుకోండి.

పూల్‌లోకి దిగేముందు షవరు కింద నిలబడాలని కూడా మీ బోర్డు మీదే ఉంది. నిలబడింది పెద్దమ్మ ఒక్కతే. పూల్‌లోంచి వచ్చాక కళ్ళు మండితే జనం క్లోరిన్ ఎక్కువేశారని మిమ్మల్ని తిట్టుకుంటారు. మిమ్మల్ని తిట్టడానికి ఇంత మంచి కారణాలుండగా అదొక్కటీ అన్యాయం. మండించేవి క్లోరమైన్లు. జనం ఒంటి చెమటా, జనం వదిలే మూత్రమూ క్లోరిన్‌తో కలిసి పుట్టించేవి. ఆ నీళ్ళలో అన్నిటికన్నా శుభ్రమైన పని మా పెద్దమ్మ దోసిట్లో జరిగిందని నేనంటే మీకు కోపం రాకూడదు.

స్లైడు సంగతి కూడా రాసేస్తాను, చేతిలో కలం ఉంది కనక. మెట్ల మీద వరుసలో నిలబడ్డాం. మా ముందు ఒకడే ఉన్నాడు. పైకి వెళ్ళేసరికి పదకొండు మందయ్యారు. "హమారా ఆద్మీ ఆగే ఖడా హై" అంటూ ఒక్కొక్కడే మా భుజాల్ని ఒరుసుకుంటూ వెళ్ళాడు. వైశాలి మెట్రోలో, లైను చివరి స్టేషను కదా, ఖాళీ బండి తలుపు తెరుచుకోగానే సీటు కోసం ఎలా దూకుతారో రోజూ చూసేదాన్ని, నాకిది కొత్త కాదు. పెద్దమ్మకి కొత్త. కొత్త కాదు, పాతదే, అదీ చిక్కు. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటిరోజు పొద్దున్న, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటకి 27 మంది పోయారు. ఆరోజు ఆవిడ వేరే రేవులో ఉంది. ఇరుగింటావిడ ఆ ఘాట్‌కే వెళ్ళింది. ఇప్పటికీ మెట్ల మీద వెనక నుంచి ఎవరైనా తోస్తే పెద్దమ్మ అక్కడే చతికిలబడి కడ్డీ పట్టుకుంటుంది. మీ స్లైడు మెట్ల మీదా అదే చేసింది. కిందనుంచి మీ సెక్యూరిటీ అరిచింది ఆవిడ మీద. దారికి అడ్డమట. తోసినవాళ్ళు అప్పటికే పైన ఉన్నారు.

ఎలాగో పైకి చేరాక ఆపరేటరు ట్యూబు చూపించి "జానా హై?" అన్నాడు. ఆవిడ ఆఁ, సరేలే అన్నట్టు తల అటూ ఇటూ వాల్చింది. వాడు వద్దందనుకుని ట్యూబు లాక్కుని వెనకవాడికిచ్చాడు. ఆవిడ మళ్ళీ వాల్చింది. వాడు మళ్ళీ ఇంకొకడికిచ్చాడు. వెనకనుంచి "అరే ఆంటీ, డర్ లగ్తా హై తో ఆయీ క్యూ" అని ఒకడు. నేను వచ్చీరాని కోపంలో, వచ్చీరాని హిందీలో అరిచాను. వాడు నవ్వి "సౌత్ సే హో?" అన్నాడు. అవునయ్యా, సౌత్ సే. సౌత్ అనేది ఓ వీధి పేరైనట్టు!

పోనీ మావాళ్ళంతా బుద్ధిమంతులా అంటే, చాల్లెండి. హైదరాబాదు వాటర్ పార్కుల్లో తల నిండా కొబ్బరి నూనెతో దిగి, నీళ్ళలోనే షాంపూ పొట్లం చింపినవాళ్ళని చూశాను. ముందు రుమాలేసి చోటు పట్టడం మేం బస్సుల్లో నేర్చుకున్న విద్యే. హిందీలో మాట్లాడే ప్రతి కుటుంబాన్నీ 'సేట్లు' అనేయడం మా ఘనకార్యమే. రాజమండ్రిలో ఓ బీహారీ అవ్వ ఛఠ్ పూజకి చేటతో గోదావరిలో నిలబడితే మావాళ్ళు ఫోన్లు తీయరని హామీ ఇవ్వలేను. కానీ అక్కడ ఈల పట్టుకుని జీతం తీసుకునేవాడు ఉండడు. మీ దగ్గర ఉన్నాడు. అందుకే ఈ లేఖ మీకు.

పులిహోర డబ్బా గురించి రాయకూడదనుకున్నాను. గేటు దగ్గర తీసుకున్నారు, సాయంత్రం ఇచ్చారు, ఎండకి పాడయింది. బయటి తిండి ఆపే హక్కు సినిమా హాళ్ళకి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది. జిలేబీ తిని వేళ్ళు సీటుకి తుడిస్తే ఎవరు కడుగుతారని అప్పటి ప్రధాన న్యాయమూర్తి అడిగారు కూడా. కానీ మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలని ఆ మాటల్లోనే ఉంది. మీరు హాలు కాదు, పార్కు, కాబట్టి మీకు వర్తించదంటారేమో. లోపల నీళ్ళ సీసా ఎంతకి అమ్ముతున్నారో మీకు తెలుసు, నేను రాసి మళ్ళీ మండిపోవడం దేనికి. సుప్రీంకోర్టంటే గుర్తొచ్చింది, 1984లో ఢిల్లీ ప్రగతి మైదానంలో తెరిచిన అప్పూ ఘర్ అనే వినోదాల పార్కుని 2008లో మూసేసి ఆ స్థలం సుప్రీంకోర్టుకే ఇచ్చారు. జెయింట్ వీలు ఉన్నచోట ఇప్పుడు న్యాయం దొరుకుతోంది. మీ స్థలం కూడా ఎవరైనా అడిగితే చెప్తాను.

మీరు చేయగలిగింది లేదని మాత్రం అనకండి. 2015లో డిస్నీ వాళ్ళు తమ పార్కుల్లోకి సెల్ఫీ కర్రలు రానివ్వం అన్నారు. జనం గొణిగారు, కర్రలు ఇంట్లో పెట్టి వచ్చారు. వేవ్ పూల్‌లోకి ఫోను తేవద్దని మీరొక్క మాట అంటే చాలు. లాకర్లు ఎలాగూ అద్దెకిస్తున్నారు, ఇంకో నాలుగు ఎక్కువ పోతాయి, మీకే లాభం. ఆ లైఫ్‌గార్డు పిల్లవాడి మీద కూడా నాకు కోపం లేదు. ఎండలో ఎనిమిది గంటలు కూర్చుంటాడు. ఆ కుర్రాళ్ళ మీద ఊదితే వాళ్ళు గేటు బయట కాసుకుంటారు. ముసలావిడ కాసుకోదు. వాడికి ఈల ఇచ్చారు గానీ, ఊదాక వాడి వెనక నిలబడే మనిషిని ఇవ్వలేదు. అది మీ పని కాదా?

మరి మీరు ఆవిణ్ణి అక్కడికెందుకు తీసుకెళ్ళారమ్మా అంటారు. ఎక్కడికి తీసుకెళ్ళమంటారు? మాకు ఒకపక్క హిండన్, ఒకపక్క యమున. జూన్ ఎండలో ఆవిడ 'ఒక్కసారి నీళ్ళలో దిగుతానే' అంటే ఆ నురగలో దించమంటారా? నదుల్ని అలా చేసుకున్నాం కాబట్టే టికెట్టు కొని మీ అలల్లో దిగాం. ఆవిడ వాటినే నదనుకుంది. సైరన్ మోగగానే పాపికొండల లాంచీ వస్తోందేమో అన్నట్టు పక్కకి జరిగి దారి కూడా ఇచ్చింది.

మేనేజరు గారూ, ఇంతసేపూ రాసిందంతా చింపేయండి, ఏమీ అనుకోను. ఒక్కటి చేయండి. మీ పేజీలోంచి ఆ రీల్ తీసేయండి. ఆ కుర్రాళ్ళు పెట్టింది నేనాపలేను, మీరు పెట్టింది మీరు ఆపగలరు. పెద్దమ్మ ఇంకా చూడలేదు. వచ్చేవారం ఏపీ ఎక్స్‌ప్రెస్‌కి ఊరెళ్ళిపోతుంది. ఆవిడ దగ్గరా ఫోనుంది, రాత్రిళ్ళు ప్రవచనాలు వింటుంది, ఒకదాని తర్వాత ఒకటి అదే వస్తుంటే చూస్తూ నిద్రపోతుంది. ఏదో ఒక రాత్రి ఆ ఫోనే ఆవిడకి ఆవిణ్ణి చూపిస్తుంది. 'స్నానం చేస్తే ఎందుకే నవ్వుతున్నారు' అని నన్నడుగుతుంది. నాకు ఏం చెప్పాలో తెలియదు. దండం పెడతాను, తీసేయండి.

ఇట్లు,
తమ విధేయురాలు,
వైశాలి, ఘాజియాబాద్

తా.క. సొరచేప చొక్కాకి కట్టిన డిపాజిట్టు రెండు వందలు, చిరుగుందని చెప్పి ఇవ్వలేదు. ఆ చిరుగు మేం తీసుకున్నప్పుడే ఉంది, ఫోటో కూడా ఉంది. రసీదు జతపరుస్తున్నాను.