పావురానికి కమీషన్ కోత లేదు

ధర లేక టమోటాను గట్టున పారబోసిన పెద్దపంజాణి రైతు, నెల తిరక్కుండానే మళ్లీ నారు కోసం నర్సరీకి పరిగెత్తుతాడు. ఎందుకయ్యా ఇలా? మనస్తత్వ శాస్త్రానికి ఇంతకంటే రుచికరమైన ప్రశ్న దొరకదు.

ఫ్రాయిడ్ శిష్యులు వెంటనే పసితనంలోకి దిగుతారు. చిన్నప్పుడు తల్లి దగ్గర దక్కనిది ఏదో ఉంది, దాన్నే ఇప్పుడు మడిలో వెతుక్కుంటున్నాడట. దక్కని మాట నిజమే. ఆ ఏడు ఆమె వేసిన వేరుశెనగ ఎండిపోయింది. మాస్లో 1943లో మనిషి అవసరాలకు మెట్లు కట్టాడు, అన్నిటికన్నా పైన ఆత్మసాఫల్యం. మనవాడు కింది మెట్టు మీదే కూర్చుని మల్చింగ్ పేపరుకు అప్పు అడుగుతున్నాడు. ఇక ఆలోచనల్ని సరిదిద్దే వైద్యులు, నిన్ను బాధపెట్టే తలపులన్నీ కాగితం మీద పెట్టమంటారు. వేరే కాగితం ఎందుకు సామీ? మండీలో ఇచ్చిన పట్టీ ఉందిగా! కమీషన్, హమాలీ, బాడుగ, పాత అడ్వాన్సు, అన్నీ దాంట్లోనే ఉన్నాయి.

కాస్త దగ్గరికొచ్చినవాడు స్కిన్నర్. తల లోపలికి కాదు, చుట్టూ చూడమన్నాడు. ఆయన పెట్టెలోని పావురం, బిళ్లను పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, తాపీగా ఉంటుంది. ఎప్పుడు పడుతుందో తెలియకపోతే మాత్రం పొడుస్తూనే ఉంటుంది. టమోటా ధరా ఆ గింజ లాంటిదే. 2023 జూలై చివర మదనపల్లెలో టమోటా కిలో దాదాపు 200 పలికింది. సెప్టెంబరుకల్లా పదికి అటూ ఇటూ. ఆ జూలైలో కారు కొన్నవాడి కథ ఒక్కటి చాలు, చుట్టుపక్కల మడులన్నీ ఎర్రబడటానికి.

ఢిల్లీ వాళ్ల మనస్తత్వానికి మాత్రం ఏ సిద్ధాంతమూ అక్కరలేకపోయింది. అదే జూలైలో కేంద్రం మన దగ్గరా, కర్ణాటక, మహారాష్ట్రల్లోనూ టమోటా కొనిపించి, వ్యాన్లలో కిలో 90కి అమ్మించింది. తినేవాడు ఏడిస్తే అది దేశ సమస్య. పండించినవాడు ఏడిస్తే కౌన్సెలింగు!

ఆ పావురాల అదృష్టమే అదృష్టం. పెట్టె ఖర్చు స్కిన్నర్‌ది, పడ్డ గింజ మొత్తం పావురానిది. ఇక్కడ డ్రిప్పు, కట్టెలు, మందులు, కోత కూలి రైతువి. గింజ పడితే మొదటి ముక్కు మండీది. పడకపోయినా దాని కమీషన్ దానికుంది. ఈ పెట్టెను నడిపేవాడి ప్రవర్తన మీద ఏ పండితుడైనా సిద్ధాంతం రాస్తే పంజాణి బస్టాండులో సన్మానం చేద్దాం. శాలువా అప్పు తెస్తాం, టమోటా దండ ఎలాగూ ఉచితం.