స్లడ్

బేస్‌బాల్‌లో పరుగెత్తేవాడు బంతికంటే ముందే బేస్‌ని అందుకోవాలని, ఆఖరి గజాల్లో నేలమీద పడి జారుకుంటూ వెళ్తాడు. ఆ జారడం ఇంగ్లీషులో స్లైడ్. జారాడు అనాలంటే స్లిడ్. బడిలో చెప్పేది అదే. 1940లలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రేడియో పెట్టుకున్నవాళ్లకి మాత్రం వినబడింది వేరు. అక్కడ ఆటగాడు థర్డ్ బేస్‌లోకి ‘స్లడ్’ అని జారేవాడు.

ఆ కామెంటరీ డిజ్జీ డీన్‌ది. 1934లో ఒక్క సీజన్‌లో 30 మ్యాచ్‌ల గెలుపు తన పేరున రాయించుకున్న పిచర్, అంటే బంతి విసిరేవాడు. నేషనల్ లీగ్‌లో ఆ తర్వాత ఎవరికీ అది సాధ్యపడలేదు. 1937 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో బంతి తగిలి కాలి వేలు విరిగింది. ఆ నొప్పికి విసిరే తీరు మార్చుకోబోయి భుజం పాడుచేసుకున్నాడు. 1941లో మైకు ముందుకొచ్చాడు. ఆర్కాన్సాలో పుట్టి, చిన్నప్పుడే పత్తి ఏరిన మనిషి. బడి మొహం చూసింది చాలా తక్కువ. త్రో అనే మాటకి త్రూ అనాల్సిన చోట త్రోడ్ అనేవాడు. స్వంగ్ అనాల్సిన చోట స్వాంగ్. కాదు, లేదు అనాలంటే అన్నిటికీ ఒక్కటే, మేష్టార్లకి కంటగింపైన ‘ఎయింట్’.

1946లో మిస్సోరీ ఇంగ్లీషు టీచర్ల పేరిట ఫిర్యాదు బయల్దేరింది. ఈయన వ్యాకరణం విని పిల్లలు చెడిపోతున్నారన్నది దాని సారం. సంగతి దేశమంతా పత్రికలకెక్కింది.

టీచర్ల బాధని నేను తీసిపారెయ్యలేను. ఇంగ్లీషు పాస్ట్ టెన్స్‌లో ఈ మొండి మాటలకి సూత్రం చాలదు. గో, వెంట్, గాన్ అంటూ వల్లెవేసి గట్టెక్కిన తరాలు మనవీ ఉన్నాయి. తరగతిలో ఎంతో కష్టపడి కుదిర్చిన రూపాన్ని, పిల్లలు దేవుడిలా కొలిచే ఆటగాడు సాయంత్రానికల్లా చెరిపేస్తే ఏ టీచరుకి మాత్రం కష్టం వెయ్యదు?

కానీ వాళ్లే బోర్డు మీద డిగ్ పక్కన డగ్ అని రాస్తారు కదా. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ తెరిస్తే అక్కడ కనిపించేది ‘డిగ్డ్’. డగ్ గెలిచింది ఆ తర్వాతే. స్టిక్‌కి స్టక్, స్టింగ్‌కి స్టంగ్ ఉన్నాయి కాబట్టి జనం నోట డిగ్ కూడా ఆ వరసలో నిలబడిపోయింది. స్టక్ కూడా మొదటినుంచీ ఉన్నది కాదు, అలా వచ్చి చేరిందే. ఏ పండితుల సభా తీర్మానించలేదు. పలికేవాళ్లు ఎక్కువయ్యారు, వ్యాకరణం వెనకాలే వచ్చి ముద్ర వేసింది. డీన్ చెవి స్లైడ్‌ని పట్టుకెళ్లి స్లడ్ చేసింది ఆ బాటలోనే. ఒకప్పుడు డగ్‌కి దక్కిన అదృష్టం స్లడ్‌కి దక్కలేదు, అంతే తేడా. మనుషుల్ని వాళ్ల క్రియాపదాల్ని బట్టి తూచేటప్పుడు ఈ చరిత్ర గుర్తుంచుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

డీన్ మాత్రం బైబిల్ దాకా వెళ్లలేదు. ఇంగ్లీషు సంగతి టీచర్లని చెప్పుకోనివ్వండి, బేస్‌బాల్ నేను చెబుతాను అన్నాడట. అప్పటికి 1930ల మహా మాంద్యం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. చక్కగా చదువుకున్నవాళ్లూ ఉద్యోగాలు పోయి, ఉచిత రొట్టె కోసం వరసల్లో నిలబడ్డ రోజులవి. అందుకే, ‘ఎయింట్’ ఎందుకంటావయ్యా అన్న వాళ్లకి ‘ఎయింట్’తోనే ఆయన ఇచ్చాడని చెప్పుకునే జవాబు ఇప్పటికీ చురుక్కుమంటుంది:

“ఎయింట్ అననివాళ్లు బోలెడుమంది ఉన్నారు. వాళ్లు తిండే తినడం లేదు.”